భోజనమయ్యాక మందగించే కార్డు

మూడో అంతస్తు, లిఫ్టు పక్క బల్ల

బావగారికి, మీ సోఫా అరగదీసిన బావమరిది రాస్తున్నది,

ఈ పార్సిలు విప్పగానే అక్కకి ఫోన్ చేసి "మీ తమ్ముడు ఏదో డబ్బా పంపాడు" అని చెప్పాలనిపిస్తుంది మీకు. చెప్పకండి. ఇంటికి కాకుండా కంట్రోల్ రూముకి పంపింది అందుకే. ఫోన్లో మాట్లాడదామంటే అక్క స్పీకర్ పెడుతుంది. మనం రెండు మాటలు అనేలోపు నా పెళ్ళి మీదకి పోతుంది.

సంగతేమిటంటే, నేను చేరిన ఈ కంపెనీకి మీ నీళ్ళ ఆఫీసు పనే వచ్చింది. మీ గదిలో పాత కంప్యూటరు ఉంది కదా, దాన్లో పంపుహౌసులన్నిటితో మాట్లాడే నెట్‌వర్కు కార్డు ఉంది కదా, దాని గురించే. ఆ కార్డు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ప్రోగ్రాము రాసినాయన కాలం చేశాడు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ప్రోగ్రామును ఉన్నదున్నట్టు ఎత్తి క్లౌడులో పెడతారు. అంటే ఎక్కడో ఉన్న పెద్ద మెషీన్ల లోపల ఉత్తుత్తి కంప్యూటరు ఒకటి కట్టి దాన్లో కూర్చోబెడతారు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ప్రోగ్రాముకి ఆ కార్డు తప్ప లోకం తెలియదు. క్షణానికోసారి "ఉన్నావా?" అని అడుగుతుంది. "ఉన్నాను, అంతా బాగానే ఉంది" అని జవాబు రాకపోతే మొరాయిస్తుంది. ఉత్తుత్తి కంప్యూటరులో కార్డు గుచ్చడానికి చోటెక్కడ? కాబట్టి అచ్చం ఆ కార్డులా నటించే ప్రోగ్రాము ఇంకోటి రాయాలి. ఎమ్యులేషన్ అంటారు. వేషం కట్టాక మీసం ఊడకూడదు, అంతే సూత్రం. ఆ వేషం రాయాల్సింది నేను. ఏడాది ఖాళీగా ఉన్నాక దొరికిన పని బావా, ఇందులో తప్పితే నాకు ఇంకో సోఫా లేదు.

ఈ డబ్బాను కార్డుకీ లైనుకీ మధ్య తగిలించండి. అటూ ఇటూ పోయే ప్రతి మాటా రాసుకుంటుంది. మీ గదికి ఇంటర్నెట్టు లేదు కాబట్టి రాసుకున్నదంతా దాచే డ్రైవు నిండగానే డబ్బాలోంచి ఊడదీసి ఆఫీసు టపా సంచిలో వేయండి. భయమేమీ లేదు. ఇది అదనపు ఏర్పాటు మాత్రమేననీ, మీ గది మీ గదిలాగే ఉంటుందనీ మా మేనేజరు చెప్పాడు.

మీ
ఇంజనీరు

—

కంట్రోల్ రూము, వెనక మెట్లు దిగగానే

ఒరేయ్ ఇంజనీరూ,

డబ్బా తగిలించాను. మొదటి డ్రైవు దీనితో పంపుతున్నాను. ఇంట్లో ఫ్యూజు పోతే కుర్చీ ఎక్కడానికి భయపడినవాడివి, ఊరందరి నీళ్ళూ నీ చేతిలో పెట్టారంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. సరే, పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం కాకుండా చూసుకో.

నువ్వు ఈ గది ఎప్పుడూ చూడలేదు కాబట్టి చెబుతాను. కిటికీ లేదు. గోడనిండా ఊరి పటం, పంపుహౌసుకో దీపం. పచ్చగా ఉంటే పని చేస్తున్నట్టు, ఎర్రగా ఉంటే మన పని మొదలైనట్టు. నా కుర్చీకి సీటు చిరిగితే మీ అక్క పాత దుప్పటి మడిచి కుట్టింది. నీ కార్డున్న కంప్యూటరు నా ఎడమ మోకాలి పక్కనే ఉంటుంది. దాని ఫ్యాను రోజంతా గుర్రుమంటుంది. మధ్యాహ్నం క్యారియర్ ఖాళీ చేశాక ఆ గుర్రుకి నాకూ కళ్ళు బరువెక్కుతాయి. సాయంత్రం షిఫ్టుకి వచ్చేవాణ్ణి మేము ఆవులింత అంటాం. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. వాడు వస్తూనే నోరు తెరుస్తాడు, దిగేటప్పుడు మూస్తాడు. మంచివాడు. పని నేనే నేర్పాను.

పెళ్ళైన ఏడాది ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాను. ఏటేటా పొడిగిస్తూనే ఉన్నారు. మీ అక్కకంటే ఈ గదే నన్ను ఎక్కువ చూసింది. ఈ మాట ఆమెకి చెప్పావో, నీ పెళ్ళికి నేను రాను.

బావ

—

మూడో అంతస్తు, అదే బల్ల

బావా,

మీ కార్డుకి బుద్ధులున్నాయి! నిజంగా. డ్రైవులన్నీ వరసగా వేసుకుని చూశాను. పంపుహౌసులన్నీ ఒకేసారి మాట్లాడాయా, ఉక్కిరిబిక్కిరై నోరు మూసుకుంటుంది. ఆ తరవాత తనంతట తనే లేచి, అందరినీ మొదటినుంచీ పలకరించడం మొదలుపెడుతుంది. ఇలాంటి కార్డుల్లో తనని తాను తట్టి లేపుకునే ఏర్పాటు ఉంటుందిలెండి, అదేమీ వింత కాదు. వింత ఏమిటంటే పొద్దున్నపూట చటుక్కున లేస్తుంది. భోజనాల వేళ దాటిందంటే మందం. సాయంత్రమైతే మరీ మందం. వేడెక్కడం వల్లనేమో అనుకుంటున్నాం. ఇంకో వింత, పొద్దున్న షిఫ్టులో కొన్నిసార్లు పూర్తిగా పడకముందే లేచి కూర్చుంటుంది, పడబోతున్నానని ముందే తెలిసినట్టు.

ఇవన్నీ నా వేషంలో రాశాను. మధ్యాహ్నమైతే నెమ్మదిగా లేవాలి, పొద్దున్నైతే చురుగ్గా లేవాలి అని. నా పక్క బల్ల వాడు (సీసా అడుగంత కళ్ళద్దాలు, అందుకే వాడికి అదే పేరు) ఒకటే నవ్వు. "రోగాలు కూడా ఎందుకురా కాపీ కొట్టడం?" అన్నాడు. పాత ప్రోగ్రాము చాదస్తపు పెద్దాయన లాంటిదిరా, అలవాటైన రోగం కనిపించకపోతే బెదిరిపోతుంది అన్నాను. మేనేజరు విని భుజం తట్టాడు. చేరినప్పటినుంచీ నన్ను ఎవరైనా తట్టడం ఇదే మొదలు. అక్కకి చెప్పండి. భుజం సంగతి మాత్రమే.

ఇంకో రెండు డ్రైవులు చాలు.

మీ ఇంజనీరు

—

ఇల్లు, వెనక గది

ఒరేయ్,

చెప్పాను. వీధి చివరి ఇంటిదాకా వెళ్ళింది కబురు. భుజం తట్టింది కాస్తా అక్కడికి చేరేసరికి ప్రమోషన్ అయింది. మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పమన్నావు, అనుభవించు.

దవడ పన్ను పీకించుకున్నాను. ఒక పక్క చెంప బూరె అయింది. వారం సెలవు పెట్టాను. రెండు షిఫ్టులూ ఆవులింతే చూస్తున్నాడు. ఈసారి డ్రైవు వాడే సంచిలో వేశాడు. నేను చూడలేదు, ఏమైనా తేడా ఉంటే నన్ను తిట్టకు.

బావ

—

మూడో అంతస్తు

బావా,

చెంప ఎలా ఉంది? ఎక్కువ మాట్లాడకండి, అక్కకి కూడా కాస్త విశ్రాంతి.

కార్డుకి ఏమైంది? ఈ డ్రైవులో అది అసలు మన కార్డులా లేదు. పొద్దున్నపూట కూడా మందమే. ముందే లేచి కూర్చోవడం ఒక్కసారి కూడా లేదు. ఒక రోజైతే పడిపోయి ఎంతసేపటికీ లేవలేదు, ఈలోగా రెండు పంపుహౌసులు ఊరికే తిరిగాయి. ఎవరైనా మార్చారా దాన్ని? వైరు వదులైందా? మీకు పన్ను పోయిన వారమే దానికీ ఏదో పోయినట్టుంది. నా వేషానికి పరీక్ష పెట్టే రోజు దగ్గరపడుతోంది. ఒకసారి చూసి రాయండి.

మీ ఇంజనీరు

—

కంట్రోల్ రూము

ఒరేయ్ అమాయకుడా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వితే పన్ను పీకిన చోట ప్రాణం పోయింది. ఆవులింతకి చదివి వినిపిస్తే వాడు ఆవులించడం మానేసి మరీ నవ్వాడు.

ఆ కార్డు ఏనాడూ తనంతట తాను లేవలేదురా. లేపేది నేను. కంప్యూటరు వెనక చిన్న బటనుంది. కార్డు ఉక్కిరిబిక్కిరి అయ్యే ముందు ఫ్యాను గొంతు మారుతుంది. మారగానే నా ఎడమ బొటనవేలు వెళ్ళి దాన్ని నొక్కి వస్తుంది. క్యారియర్ తింటూ నొక్కుతాను, ఫోన్లో మీ అక్క చెప్పేదానికి ఊఁ కొడుతూ నొక్కుతాను. నొక్కుతున్నానని నాకే తెలియదు. తనంతట తనే లేస్తుందని నువ్వు రాసినప్పుడు పంటి నొప్పిలో పట్టించుకోలేదు. నువ్వు అడగలేదు, నాకు చెప్పాలని తోచలేదు. ఊపిరి పీలుస్తున్నానని ఎవడైనా ఉత్తరం రాస్తాడా?

భోజనమయ్యాక మందం దానిది కాదు నాయనా, నాది. సాయంత్రం మందం ఆవులింతది. వాడికి ఫ్యాను గొంతు తెలియదు, ఎర్రదీపం వెలిగాక లేచి వెళ్ళి నొక్కుతాడు. పోయిన వారం అంతా వాడే కాబట్టి కార్డు వాడిలాగే ఉంది. వాడు టీ తాగడానికి వెళ్ళిన రోజే అది ఎంతకీ లేవనిది.

అయితే ఆ ఉత్తుత్తి కంప్యూటరులో నేనున్నానన్నమాట! నా కునుకుతో సహా రాసేశావు. ఫోటో తీయించుకున్నప్పుడు కూడా ఇంత బాగా రాలేదు ఎప్పుడూ.

ఒక్క మాట అడుగుతాను, ఊరికే. అక్కడ బటను కూడా అదే నొక్కుకుంటే, మరి ఇక్కడ నాకేం పని?

బావ

—

మూడో అంతస్తు

బావా,

జవాబు ఆలస్యమైంది. మీరు ఊరికే అడిగిన ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మీ గది మూసేస్తారు. ఆ సంగతి నాకు మీరు పన్ను పీకించుకోకముందే తెలుసు. ఒక మీటింగులో గోడ మీద బొమ్మ వేశారు. ఎడమ పక్క మీ గది, గోడ మీద దీపాలు, కుర్చీ మీద మడిచిన దుప్పటి కూడా కనబడింది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. అదనపు ఏర్పాటు అన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. ఆ తరవాత మీకు రెండు ఉత్తరాలు రాశాను. భుజం తట్టించుకున్నది రాశాను, ఇది రాయలేదు.

ఇప్పుడు ఒకటి ఆలోచించాను. నా ప్రోగ్రాములోంచి మీ వేలు తీసేస్తాను. నేను కార్డుకి వేషం కట్టాలి, మీకు కాదు. అసలు కార్డు పడితే లేవదు, కాబట్టి నాది కూడా పడితే లేవకూడదు. ఇందులో అబద్ధం ఏమీ లేదు, మోసం అంతకన్నా లేదు. వచ్చే వారం మీ ఆఫీసర్ల ముందే పరీక్ష. వాళ్ళ కళ్ళ ముందు కార్డు పడిపోతే, లేపడానికి ఒక మనిషి కావాలని వాళ్ళే అంటారు. ఆ మనిషి ఉన్నాడు అని నేనంటాను.

దయచేసి వద్దనకండి.

మీ
బావమరిది

—

కంట్రోల్ రూము

ఒరేయ్,

వద్దు.

గది సంగతి నాకు నీ మొదటి పార్సిలుకి ముందే తెలుసు. ఆఫీసరు పిలిచి, ఎవరో ఇంజనీరు డబ్బా పంపుతాడు, సాయం చెయ్యి, తరవాత ఈ గది ఉండదు అని చెప్పాడు. కాగితం మీద పేరు చూస్తే నువ్వు. నాకు మొదట వచ్చింది కోపం కాదు, హమ్మయ్య అనిపించింది. ఏడాదిగా నువ్వు మా సోఫా మీద పడుకుని పైకప్పు చూస్తుంటే మీ అక్క వంటింట్లో కళ్ళు తుడుచుకునేది. నీకెప్పుడూ చెప్పలేదు.

కూర్చున్న కొమ్మ నరుక్కున్నాడని ఆవులింత నన్ను అంటున్నాడు. చెట్టు కొట్టేస్తున్నారురా. నేను దిగినా దిగకపోయినా కొట్టేస్తారు. కట్టెలైనా మన ఇంటివాడికి దక్కితే మంచిదనుకున్నాను. డబ్బా నేను తగిలించకపోతే ఇంకెవడో తగిలించేవాడు, నీకు ఇంత మంచి డ్రైవులు వచ్చేవి కావు.

కాబట్టి ఆ వేలు అక్కడే ఉండనీ. నీకు పేరొస్తుంది. నా పని పోయేదే, నీది కూడా పోతే మీ అక్కకి ఇద్దరం సోఫాకే మిగులుతాం, దాని మీద ఇద్దరికి చోటు లేదు. ఆమెకి ఇంకా ఏమీ తెలియదు. చెప్పేవాణ్ణి నేనే, నీకు సంబంధం లేదు.

అదీగాక, నిజం చెప్పనా? నేను పోయాక కూడా అక్కడెక్కడో నా బద్ధకం మధ్యాహ్నంపూట మెల్లగా లేస్తుంటుందంటే నాకు బాగానే ఉంది.

బావ

—

మూడో అంతస్తు

బావా,

మీరు వద్దన్నారు. నేను చేశాను. మీ ఉత్తరం జేబులో పెట్టుకునే చేశాను.

పరీక్ష మధ్యలో పంపుహౌసులన్నిటినీ ఒకేసారి మాట్లాడించారు. నా కార్డు నోరు మూసుకుంది. తెర మీద దీపాలన్నీ ఎర్రబడ్డాయి. అందరూ తెర వైపు చూశారు, తరవాత నా వైపు చూశారు. మేనేజరు "లేవదేం?" అన్నాడు. నేను లేచి నిలబడి చెప్పాను. అసలు కార్డు కూడా ఇంతేనండి, లేపేది మనిషి, ఇన్నేళ్ళూ ఒకాయన లేపుతున్నాడు, ఆయన వేలు లేకపోతే మీ ఊళ్ళో నీళ్ళు రావు అని. గొంతు కాస్త పెద్దదైంది. మీ ఆఫీసరు తల ఊపాడు. ఒక్క క్షణం గెలిచామనుకున్నాను.

మేనేజరు చెడ్డవాడు కాదు బావా, అదే నా బాధ. కోప్పడలేదు. నెమ్మదిగా అడిగాడు. "అసలు కార్డుది జబ్బు అంటున్నావు. మనది అసలు కార్డు కాదు కదా. మనదానికి ఆ జబ్బు ఎందుకు?" అని. ప్రోగ్రాము బెదురుతుంది అన్నాను. "బెదురుతుందేమో చూద్దాం" అన్నాడు.

కళ్ళద్దాలు నా బల్ల దగ్గర కూర్చుని, కార్డు పడిపోయే ముక్క మొత్తం చెరిపేశాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. మళ్ళీ పరీక్షించారు. పంపుహౌసులన్నీ ఒకేసారి అరిచినా కార్డు పడలేదు. చాదస్తపు పెద్దాయన అన్నానే, ఆ ప్రోగ్రాము బెదరనే లేదు. అసలు తేడా కూడా తెలియలేదు దానికి. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు, అందరూ నాతో మంచిగానే ఉన్నారు.

ఇదివరకు పడేది, మీ వేలు వెళ్ళి లేపేది. ఇప్పుడు పడదు. ఇక వేలికి పనే లేదు. మీరు ఉండనీ అన్నది కూడా నా చేతులారా పోగొట్టాను. అలాగే వదిలేసి ఉంటే మీ మధ్యాహ్నపు కునుకైనా మిగిలేది. నాకు ఏడుపొచ్చింది బావా, మెట్ల దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. ఏం చెయ్యాలో చెప్పండి. ఏం చెయ్యమన్నా చేస్తాను.

మీ
బావమరిది

—

బస్టాండు, చివరి ప్లాట్‌ఫారం బెంచీ

ఒరేయ్,

కవరు తేలిగ్గా ఉందని కంగారుపడకు. ఇక డ్రైవు లేదు. టపా సంచి కూడా లేదు, స్టాంపు అంటించి పంపుతున్నాను.

ఏం చెయ్యమంటారని అడిగావు. ఏమీ చెయ్యడానికి లేదురా. మీ మేనేజరు అన్నది నిజమే, పడని కార్డు ఉండగా పడే కార్డు ఎవరిక్కావాలి? నేనైనా అదే అనేవాణ్ణి. ఏడవకు. నా వేలి కోసం లోకంలో ఇంతవరకూ ఎవరూ గొంతు పెద్దది చెయ్యలేదు. ఆ మాట తలుచుకుంటే నాకు గర్వంగా ఉంది.

ఆఖరి రోజు నా బల్ల మీద రెండు తెరలు పెట్టారు, పాతదీ కొత్తదీ పక్కపక్కన. పాతది ఆపెయ్యమని నాకే చెప్పారు, మర్యాద కోసం. ఆపే ముందు ఫ్యాను గొంతు మారింది. వేలు వెళ్ళి నొక్కింది. పాత తెర మీద దీపాలు ఎర్రబడి మళ్ళీ పచ్చబడ్డాయి. కొత్త తెర మీద ఏమీ కదల్లేదు. తరవాత స్విచ్చి ఆపేశాను. ఫ్యాను ఆగాక ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. కొత్త తెర అప్పుడూ పచ్చగానే ఉంది. నేను కాసేపు కుర్చీలోనే కూర్చున్నాను. లెమ్మని ఎవరూ అనలేదు.

ఆవులింతకి స్టోర్సులో ఏదో చూపించారు, వాడి వయసు తక్కువ. నాకు కబురు చేస్తామన్నారు. కబురు చేసేవాళ్ళ ముఖం నాకు తెలుసు, అది అలా ఉండదు.

మీ అక్కకి చెప్పలేదు. చెబుదామని రోజూ అనుకుంటాను. పొద్దున్నే ఆమె క్యారియర్ కట్టి చేతిలో పెట్టేసరికి తీసుకుని బయల్దేరుతున్నాను. ఇక్కడ కూర్చుని తింటున్నాను. తిన్నాక అదే వేళకి కళ్ళు బరువెక్కుతాయి. ఏ బస్సు ఇంజను గొంతు మారినా వేలు కదులుతుంది. సాయంత్రానికి ఇంటికి వెళ్తాను. "ఎలా ఉంది ఆఫీసు?" అని ఆమె రోజూ అడుగుతుంది. నా ముఖం చూసి ఈ మధ్య రెండోసారి కూడా అడుగుతోంది. ఒక్కణ్ణే జవాబు చెప్పుకోలేకపోతున్నాను.

నువ్వు చెయ్యగలిగింది ఒకటుంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆమె ఎలాగూ స్పీకర్ పెడుతుంది. అప్పుడు ఆమె వినేలా నన్ను అడుగు, "బావా, ఆఫీసు ఎలా ఉంది?" అని. ప్రతి ఆదివారమూ మానకుండా అడుగు.

అంతా బాగానే ఉంది అంటాను.

బావ